నడుమ పొక్క పెట్టని సర్వపిండి

మా బావ పోయాడు. మొన్న పొద్దున మానుకోట నుంచి మేనకోడలు ఫోన్ చేసి, "మామా, బాపు లేడు," అన్నది. నేను జనగామలో మా ఇంటి ముందరి గదిలో నిలబడి, ఫోను చెవికి పెట్టుకొని, "అన్నం తిన్నడా?" అని అడిగాను. చావు కబురు విన్నవాడు అడగాల్సిన మాట కాదది. కానీ ఆయన సంగతి ఎప్పుడు మాట్లాడినా మాకు ముందు నోటికి వచ్చేది తిండి మాటే. పిల్లకు కోపం రాలేదు. "తిన్నడు మామా. చారు వోసుకొని తిన్నడు. మిగిలిన అన్నం గిన్నె మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి పండుకున్నడు. పొద్దుగాల లేవలే," అని ఏడ్చింది.

మూత మీద రాయి పెట్టడం ఆయనకు పాత అలవాటు. మా అక్క పొయ్యి మీద పప్పు పెట్టి ఇటు తిరిగితే చాలు, కడిగి తుడిచిన గుండ్రాయి ఒకటి తెచ్చి మూత మీద పెట్టేవాడు. "గిది ఊటీ గాదయ్యా, మన ఊరే. ఈడ పప్పు ఉత్తగనే ఉడుకుతది, తియ్యి ఆ రాయి," అని అక్క కసిరేది. తీసేవాడు కాదు. ఇంటికి ఎవరొచ్చినా కంచాలను వేడినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వెచ్చగా ఉన్నప్పుడే అన్నం పెట్టేవాడు. ఎండాకాలంలోనూ అంతే. నీళ్ల గ్లాసు కుడిపక్కనే ఉండాలి, కూర ఎడమ భుజం మీదుగానే వడ్డించాలి. ఆకలిమీద వచ్చినవాడికి ఈ తతంగం జరుగుతుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. నేనైతే లోపలికి పోయి అన్నం గంజు దగ్గరే కూర్చొని తినేసేవాణ్ణి. "నువ్వు బేరర్ పని చేసినా మర్యాద నేర్వలేదురా బామ్మర్దీ," అని నవ్వేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకప్పుడు ప్రాణం కోసం పేరు మార్చుకొని బతికినవాడు. ఆ తర్వాత అసలు పేరుతో ఎవరు పిలిచినా ఒక క్షణం ఆగి పలికేవాడు. నాకు మాత్రం ఎప్పుడూ బావే, మా అక్క మొగుడే. మీకూ అంతే అనుకోండి.

మా ఊరు దంతాలపల్లికి దగ్గర. బావ పడుచువాడుగా ఉన్నప్పుడు దొర గడిలో వంట చేసేవాడు. చేసేవాడు అనకూడదు, చేయించుకునేవారు. వెట్టి. తాసీల్దార్లు, పోలీసు అమీన్లు శికారుకు వచ్చినప్పుడల్లా కుర్మాలు, కబాబులు, బిర్యానీ ఆయన చేతుల మీదుగానే పోయేవి. అంత మంచి చేయి. ఆ చేత్తో వండినదాంట్లోంచి ఒక్క ముద్ద ఇంటికి తెచ్చుకునే హక్కు లేదు. దొరల వెట్టికి ఎదురు తిరిగిన సంఘం మా ఊళ్లోకి వచ్చిన ఏడాది, ఒకనాడు పొయ్యి మీద కుర్మా ఉడుకుతుండగానే గరిటె కింద పెట్టి గడి బయటికి నడిచి వచ్చాడు. ఊరంతా గుమిగూడింది. "ఏమైంది బావా, ఏం చేసి వచ్చినవ్?" అని అడిగాను. "ఏం చెయ్యలే. ఉప్పు ఎయ్యలే. గంతే," అన్నాడు. ఆ కుర్మాను దొర ఎట్లా తిన్నాడో ఏమో గానీ, మా బావ తిరుగుబాటు అక్కడ మొదలైంది.

తర్వాత ఇద్దరమూ సంఘం దళంతో మానుకోట దగ్గరి గూడూరు వైపు అడవిలోకి పోయాము. నేను కబుర్లు మోసేవాణ్ణి, ఆయన గుట్ట మీద వంట. పొగ లేస్తే కింద పోలీసులు చూస్తారు కాబట్టి పొద్దున మంచు కమ్మి ఉన్నప్పుడే, ఎండు కట్టెలతో, రెండు బండల నడుమ వండేవాడు. ఊళ్ల నుంచి ఆడవాళ్లు పంపేది మాత్రం ఎప్పుడూ సర్వపిండే. దానికొక కారణం ఉంది. ఇంట్లోవాళ్లకు మించి అన్నం వండితే వార్చిన గంజి పెరుగుతుంది. పోలీసులు ఇంట్లో జొరబడి ముందు గంజి కుండలో తొంగి చూసేవారు. సర్వపిండికి గంజి లేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లాకు కలిపి, సర్వ గిన్నె అడుగున చేత్తో పలచగా ఒత్తి, వేలితో అక్కడక్కడ చిల్లులు, అదే మా పొక్కలు, పెట్టి, పొక్కల్లో నూనె వేసి, మూతపెట్టి సన్నని మంట మీద కాలిస్తే అయిపోయింది. మూటలో కట్టుకొని కొండ ఎక్కవచ్చు. చెడిపోదు.

మా బావ వాళ్లింట్లో ఈ సర్వపిండికి ఒక పద్ధతి ఉండేది. ఇంటి మనిషి బండి కట్టుకొని అడవికో, దూరపు సంతకో పోయినప్పుడు, తిరిగి వచ్చేదాకా పిండికి నడుమ పొక్క పెట్టరు. చుట్టూ పెడతారు, నడుమ ఒత్తి వదిలేస్తారు. అక్కడికి నూనె దిగదు కనుక నడుమ భాగం తెల్లగా, కొంచెం మెత్తగా ఉండిపోతుంది. మనిషి వచ్చిన రోజున చేసిన పిండికి మళ్లీ నడుమ పొక్క పడుతుంది. బావ వాళ్లమ్మ మా అక్కకు నేర్పింది. గుట్టమీదికి వచ్చిన మూటల్లో మా అక్క చేసింది ఏదో మేము విప్పగానే గుర్తుపట్టేవాళ్లం. బావ దాన్ని కాసేపు చూసి, ఆ తర్వాతే తుంచేవాడు.

నిజాం లొంగిపోయి యూనియన్ మిలిటరీ వచ్చాక కథ మారింది. ఊరికో క్యాంపు పడింది. దళం చెదిరిపోయింది. తుపాకి పట్టనివాళ్లు కొన్నాళ్లు దూరం పోయి తలదాచుకోండని కబురొచ్చింది. అక్కను చూసి పోదామని నేను గొడవ చేశాను. ఊళ్లో అడుగు పెడితే అక్కనే ముందు పట్టుకుంటారని బావ వద్దన్నాడు. అప్పటికి మేనకోడలు పాకుతున్నది. డోర్నకల్‌లో రైలెక్కి మద్రాసు చేరాము. అక్కడొక హోటల్లో గిన్నెలు తోముతుంటే, ఆ యజమాని ఊటీలో తనకున్న పెద్ద హోటలుకు మమ్మల్ని పంపించాడు. పేర్లు మార్చుకున్నాము. బెంగళూరు పక్క ఊరివాళ్లమని చెప్పుకున్నాము.

ఊటీ చలి గురించి ఏం చెప్పను. మాకు తెలిసిన చలి గొంగడి కప్పుకుంటే పోయేది. ఇది ఎముకల్లో కాపురం పెట్టింది. దానికన్నా బావను ఏడిపించింది కందిపప్పు. మొదటి రోజు పనివాళ్లందరికీ పప్పు పెట్టాడు. నీళ్లు చిటికెలో మసిలాయి, పప్పు మాత్రం గులకరాళ్ల లెక్క అట్లాగే ఉంది. మంట పెంచాడు. నీళ్లు ఇగిరిపోయాయి, పప్పు ఉడకలేదు. మళ్లీ నీళ్లు పోశాడు, కట్టెలు ఎగదోశాడు, దుకాణపువాణ్ణి తిట్టాడు, పప్పును తిట్టాడు, చివరికి నన్ను తిట్టాడు. గడిలో అంతమంది అమీన్లకు వండిన మనిషి, ఓడిపోయినట్టు పొయ్యి ముందు కూలబడ్డాడు. పెద్ద వంటమనిషి తమిళాయన నవ్వి, సైగలతోనూ సగం తెలుగుతోనూ చెప్పాడు: ఇంత ఎత్తులో గాలి పలచన, నీళ్లు తొందరగా మసులుతాయి గానీ వాటిలో వేడి చాలదు, మంట పెంచి లాభం లేదు, పప్పు ముందే నానెయ్యి, మూత మీద బరువు పెట్టు, ఓపిక పట్టు. ఆయనే ఒక గుండ్రాయి తెచ్చి మూత మీద పెట్టాడు. ఆ రాయి మా బావ జీవితంలోకి వచ్చింది అప్పుడే. "నీళ్లు మసిలినంత మాత్రాన ఉడికినట్టు గాదురా," అని ఆ రోజు తనలో తాను అనుకున్న మాట, తర్వాత నన్ను జీవితాంతం అంటూనే ఉన్నాడు. నాకు కోపం ఎక్కువ. అందుకని నాకు ఎక్కువ పడేది.

ఆ హోటల్లో విందు అంటే మామూలు సంగతి కాదు. తెల్ల గుడ్డ పరిచిన మేజాలు, ఎడమన ముళ్ల చెంచా, కుడిన కత్తి, ముందు సూపు, తర్వాత చేప, తర్వాత మాంసం, చివరికి పుడింగు. కంచాలు వెచ్చగా లేకపోతే మాంసం మీది కొవ్వు ఆ చలికి గడ్డకడుతుంది, దొరసాన్లు మొహం చిట్లిస్తారు. అందుకే వంటింట్లో కంచాలు వెచ్చబెట్టడానికే ఒక మనిషి. కేకు కూడా ఆ ఎత్తులో ఉబ్బినట్టే ఉబ్బి నడుమ కుంగిపోయేది. బావ ఒక్కొక్కటే నేర్చుకున్నాడు. నాకు తలపాగా చుట్టి, నడుముకు పట్టీ కట్టి, బూట్లు తొడిగి బేరర్‌ను చేశారు. బూట్లు కరిచేవి.

రోజులు గడిచాయి గానీ ఇంటి కబురు లేదు. జాబు రాద్దామంటే అది క్యాంపువాళ్ల చేతుల మీదుగానే పోతుంది, మా జాడ దొరుకుతుంది, అక్కను వదలరు. కింద మద్రాసు నుంచి వచ్చిన తెలుగువాళ్లు చెప్పే మాటలు వింటే నిద్ర పట్టేది కాదు. ఊళ్లకు ఊళ్లు కాల్చేశారట, ఆడవాళ్లను క్యాంపులకు ఈడ్చుకుపోయారట. మా అక్క ఉన్నదో లేదో మాకు తెలియదు. మేము ఉన్నామో లేదో అక్కకు తెలియదు. బావ ఆ మాట ఎత్తేవాడు కాదు. ఖాళీ దొరికిన సాయంత్రం ఒక ఇత్తడి గిన్నెలో సర్వపిండి ఒత్తేవాడు. చుట్టూ పొక్కలు పెట్టి, నడుమ పెట్టకుండా వదిలేసేవాడు. ఇంటి దగ్గర లేనివాడు తానే కదా. దాన్ని ఇద్దరం పొయ్యి పక్కన కూర్చొని తినేవాళ్లం.

ఒక సాయంత్రం మిలిటరీ అధికారి ఒకాయన భార్యతో వచ్చి కిటికీ పక్క మేజా దగ్గర కూర్చున్నాడు. సెలవు మీద వచ్చాడు. ఆమెకు జలుబు చేసి, నోటికేదీ రుచించడం లేదన్నది, కారంగా ఏమైనా ఉందా అని అడిగింది. మేనేజర్‌కు వంటింట్లోంచి సర్వపిండి వాసన తగిలింది. అది పంపించమన్నాడు. "గది బయటోళ్లకు గాదు," అన్నాడు బావ. ఆ మాట తెలుగులో నాతో అన్నాడు. మేనేజర్‌తో అయితే ఎదురు చెప్పే వీలు లేదు. నేనే దాన్ని వెచ్చని కంచంలో పెట్టుకొని తీసుకుపోయాను.

ఆ అధికారి దాన్ని చూసి నిలిచిపోయాడు. "ఈ రొట్టె నేను తిన్నాను," అని హిందుస్తానీలో భార్యతో అన్నాడు. అక్కడి బేరర్లెవరికీ ఆ భాష సరిగా రాదు. నాకు వచ్చు. హైదరాబాదు రాజ్యంలో క్యాంపులో ఉన్నప్పుడు తిన్నానని చెబుతూ మా ఊరి పేరే చెప్పాడు. పలకడం సరిగా రాలేదు గానీ మా ఊరే. "ఊరి ఆడవాళ్లతో క్యాంపుకు వండించుకునేవాళ్లం. ఒకామె చేసినదానికి మాత్రం ఇట్లాగే నడుమ చిల్లు ఉండేది కాదు. ఎందుకని అడిగితే, ఇంటి మనిషి వచ్చేదాకా పెట్టనన్నది. మొగుడు కమ్యూనిస్టుల్లో ఉన్నాడని అనుమానం. ఎక్కడున్నాడో చెప్పమని మావాళ్లు కొట్టారు. చెప్పలేదు. తెలిసి ఉండదు." భార్య తినడం ఆపి, "చచ్చిపోయిందా?" అని అడిగింది. "లేదు లేదు. నేను సెలవు మీద వచ్చేనాటికి ఇంట్లోనే ఉన్నది. ఒక పాప ఆమె కొంగు పట్టుకొని వెనకే నడుస్తుండేది," అన్నాడు.

నా చేతిలో నీళ్ల కూజా ఉంది. గ్లాసు నింపాను. ఒక్క చుక్క ఒలకలేదు. అది ఎట్లా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

వంటింట్లోకి వచ్చి, "బావా, అక్క బతికున్నది," అన్నాను.

ఆయన పుడింగును కంచంలోకి బోర్లిస్తున్నాడు. చేతులు ఆగాయి. "ఎవలు చెప్పిండ్రు?"

"కిటికీ కాడ కూసున్నోడు. మనూరి క్యాంపుల ఉన్నడట. అక్కను కొట్టిండ్రట బావా. వాని నోటితోనే చెప్తున్నడు." అప్పటికే మాంసం కోసే కత్తి నా చేతిలోకి వచ్చింది.

"కత్తి ఆడ వెట్టు."

"ఎట్ల వెడత? కొట్టిండ్రట అంటున్న, ఇనవడుతలేదా నీకు?"

"ఇనవడ్డది. నీళ్లు మసిలినంత మాత్రాన ఉడికినట్టు గాదు. వెట్టుర కత్తి." ఆ తర్వాత చాలా మెల్లగా, "బిడ్డ?" అన్నాడు.

"ఉన్నదట. అక్క కొంగు వట్టుకొని నడుస్తున్నదట."

"నడుస్తున్నదా?" అన్నాడు. పిండి బస్తా మీద కూర్చుండిపోయి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మా బావ ఏడవగా నేను చూసింది అదొక్కసారే. కొట్టారన్నప్పుడు ఏడవలేదు. నడుస్తున్నదంటే ఏడ్చాడు.

లేచి మొహం కడుక్కొని పుడింగు కంచం నా చేతికిచ్చాడు. "పో. వెట్టు."

"వానికా?"

"మన ఇంటి కబురు తెచ్చిండురా. కబురు తెచ్చినోన్ని కడుపు నిండకుండ పంపుతమా?"

"వాడు తెల్వక తెచ్చిండు."

"ఎట్ల తెచ్చినా తెచ్చిండు గద."

పుడింగు పెట్టాను. ఇంతలో మేనేజర్ వంటమనిషిని పిలవమన్నాడు. అధికారిగారు మెచ్చుకున్నారని ఆయన సంబరం. బావ వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అధికారి ఆయనను పైనుంచి కిందికి చూసి, "దీనికి నడుమ చిల్లు ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడు. మరిచిపోయానని ఒక్క మాట అంటే చాలు. అనమని లోపల దేవుళ్లందరికీ మొక్కాను. మా బావ ఆయన కళ్లలోకి చూసి, మా పక్క హిందుస్తానీలోనే, "నేను ఇంటి దగ్గర లేను సాబ్. అందుకని పెట్టలేదు," అన్నాడు.

అధికారి ముళ్ల చెంచా కింద పెట్టాడు. భార్య ఒకసారి ఆయనను, ఒకసారి బావను చూసింది. అధికారి కంచం వైపు తిరిగి, "పో," అన్నాడు. అంతే.

తర్వాత కంచాలు తీయడానికి పోతే, సర్వపిండిని చుట్టూ తిని, నడుమ ముక్క ముట్టకుండా వదిలేసి ఉంది. వంటింట్లోకి తెస్తే బావ దాన్ని తుంచి సగం నాకు ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. ఆయన రెండు సగాలూ తానే తిన్నాడు. ఆ అధికారి మా సంగతి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కారెక్కి వెళ్లిపోయాడు. దాన్ని దయ అనడానికి నాకు మనసు రాదు. మా అక్క వీపు మీది మచ్చలు నేను తర్వాత చూశాను. బావ మాత్రం ఆయన్ని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఈ విషయంలో మేమిద్దరం చివరిదాకా కలవలేదు.

"మీ అక్కకు నేను బతికున్నట్టు తెల్వది," అన్నాడు బావ మర్నాడు పొద్దున. మూట కట్టేశాడు. స్టేషన్‌లోనే పట్టుకుంటారు, జైల్లో వేస్తారు, లేదా కాల్చి పారేస్తారని నేను మొత్తుకున్నాను. "అది నన్ను చూసినంక ఏమన్న కానియ్యి," అన్నాడు. తమిళాయన ఆ గుండ్రాయి బహుమతిగా ఇచ్చాడు. ఎవరైనా రాయి మోసుకొని ప్రయాణం చేస్తారా? ఈయన చేశాడు. మానుకోటలో ఆయన ఒక్కడే దిగాడు. నన్ను దిగనివ్వలేదు. "ఇద్దరం దొరుకుడెందుకు? నువ్వు ముంగటికి పో," అని తలుపు దగ్గర నిలబడి లోపలికి నెట్టాడు. నేను కాజీపేటలో బండి మారి జనగామలో దిగాను. తాత్కాలికంగా అనుకున్నాను. నా బతుకంతా ఇక్కడే గడిచింది.

ఆ తర్వాతిది అక్క చెప్పగా విన్నది. మధ్యాహ్నం ఇంటి ముందు నిలబడితే అక్క ఏడవలేదట, కేకలు వేయలేదట. పాపను ఆయన చేతికిచ్చి లోపలికి పోయి పిండి కలిపిందట. ఒత్తి, చుట్టూ పొక్కలు పెట్టి, చివరికి నడుమ వేలు దించిందట. బావ అది తిని చేయి కడుక్కుంటుండగా క్యాంపువాళ్లు వచ్చారు. జైలు. పోరాటం ఆపేశాక గానీ విడిచిపెట్టలేదు. అన్నాళ్లూ మా అక్క పిండికి మళ్లీ నడుమ పొక్క లేదు.

వచ్చాక మానుకోటలో పిల్లల హాస్టల్లో వంటమనిషిగా కుదిరి, రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. ఆ పిల్లలకు కూడా కంచాలు వెచ్చబెట్టేవాడంటే నమ్ముతారా? వార్డెన్ కట్టెలు దండగ అనేవాడు. "అన్నం సల్లని కంచంల వెడితే పరాయోళ్ల ఇంట్ల తిన్నట్టుంటది సారూ," అనేవాడు. సభల్లో పాత సంగతులు చెప్పమని పిలిస్తే పోయేవాడు కాదు. పిలిచినవాళ్లకు సర్వపిండి పెట్టి పంపేవాడు. నాకు కోపం వచ్చినప్పుడల్లా, ఇప్పుడు కూడా, మూత మీద ఒక రాయి పెట్టుకున్నట్టు ఒక్క క్షణం ఆగుతాను. అంతకంటే ఎక్కువ నాకు చేతకాదు. ఆ ఒక్క క్షణమైనా ఆయన ఇచ్చిందే. ఇకనుంచి ఆ మాట నన్ను అనేవాడు లేడు.

పిట్టకు పెట్టే రోజున, మానుకోట ఇంట్లో పోయినాయనకు ఇష్టమైనవన్నీ వండుతున్నారు. మేనకోడలు సర్వపిండి ఒత్తుతున్నది. ఆమెకిప్పుడు మనవళ్లున్నారు. చుట్టూ పొక్కలు పెట్టి, నడుమకు వచ్చేసరికి వేలు ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను వద్దన్నట్టు తల ఊపాను. ఇంటి మనిషి లేడు, ఇంకెందుకు పెడతారు.

గోడకు ఆనుకొని కూర్చున్న అక్క అది చూసింది. లేవబోతే ఆడవాళ్లు, "నువ్వు లెవ్వకు అవ్వా, మేం చేస్తం గద," అన్నారు. వినలేదు. పొయ్యి దగ్గరికి వచ్చి బిడ్డ పక్కన కూర్చొని, పచ్చిపిండి నడుమ వేలు పెట్టి అడుగు తగిలేదాకా దించింది.

"అమ్మా, బాపు లేడు గదనే," అన్నది మేనకోడలు.

"ఇగ యాడికి పోతడు బిడ్డా," అన్నది అక్క. "ఎల్లకాలం ఈడనే ఉంటడు."

చెంచాతో నూనె పోసి, సర్వను పొయ్యి మీదికెక్కించింది. మంట తగిలి నడిమి పొక్కలో నూనె సన్నగా చిటపటమన్నది. అక్క మూత పెట్టి, ఆ గుండ్రాయి ఇటు ఇమ్మని నావైపు చేయి చాచింది.